రెండు వారాలాగి రండి

ఫిబ్రవరి పదకొండు, ఆదివారం. ప్రసన్నకుమార్‌కి ఆ తేదీ ఇప్పటికీ గుర్తే. ఆ రోజు చర్చి నుంచి రాగానే అమ్మ దేవకుమారి కొత్త పండుమిరప పచ్చడి జాడీ తీసింది. వేడన్నంలో నువ్వులనూనె పోసుకుని మూడుసార్లు కలుపుకున్నాడు. సాయంత్రానికి కడుపు పట్టుకుని మంచమెక్కాడు.

నిజానికి ఆ నొప్పి ఏడాదిగా ఉన్నదే. గుంటూరు డాక్టర్ గారు పొట్ట నొక్కి చూసి, “కడుపులో బ్యాక్టీరియా ఉందేమో. మలపరీక్ష చేయించు,” అని రాసిచ్చారు.

ఇరవై ఎనిమిదేళ్ళ కుర్రాడు, ప్రత్తిపాడు దగ్గర మిర్చి కోల్డ్ స్టోరేజీలో సూపర్‌వైజరు. అలాంటివాడు ఆ డబ్బా పట్టుకుని బజార్లో నడవడమంటే మాటలా? ఒక కవర్లో పెట్టి, పేపరు చుట్టి, ఎవరికీ అనుమానం రాకుండా మిఠాయి కొట్టు సంచిలో వేసుకుని బయల్దేరాడు.

ల్యాబ్ ఓ పెంకుటింటి ముందు గదిలో ఉంది. బల్ల దగ్గర కూర్చున్న రిటైర్డ్ టీచర్ దానయ్య మాస్టారు సంచి చూడగానే మొహం విప్పార్చి చెయ్యి చాచాడు.

“ఏం బాబూ, శుభవార్తా? ఇలా ఇవ్వు, ఇలా ఇవ్వు.”

“వందనాలు మాస్టారూ. అది... స్వీటు కాదండీ.”

“హాటయినా పర్లేదయ్యా.”

లోపల్నుంచి ఒకమ్మాయి గబగబా వచ్చి సంచి అందుకుంది. తెల్లకోటు, జారిపోతున్న కళ్ళజోడు, నవ్వాపుకోవడానికి బిగబట్టిన పెదవులు. మాస్టారి కూతురు స్తుతి. ల్యాబ్ ఆమెదే.

“మందులేమైనా వాడుతున్నారా?” అడిగింది.

“లేదండి.”

“గ్యాస్ ట్యాబ్లెట్?”

“అది మందెందుకవుతుందండీ? రోజూ పరగడుపున వేసుకునేదేగా. మా స్టోరేజీలో అందరం కాఫీకి ముందు అదే వేసుకుంటాం.”

స్తుతి సంచి తిరిగి అతని చేతిలో పెట్టింది. “అది వేసుకుంటే పొట్టలో పురుగు ఉన్నా పరీక్షలో కనబడదు. మాత్ర మానేసి, రెండు వారాలాగి రండి.”

“అంటే దీన్ని మళ్ళీ ఇంటికి మోసుకెళ్ళమంటారా?”

“లేకపోతే నన్ను దాచమంటారా?”

అంత అవమానంలోనూ ఆ కళ్ళజోడు వెనక కళ్ళు ఎంత బాగున్నాయో గమనించాడు ప్రసన్న. తనకే సిగ్గేసింది.

రెండు వారాలకి మళ్ళీ వెళ్ళాడు. ఈసారి చొక్కా ఇస్త్రీ చేసుకుని, సెంటు కూడా కొట్టుకున్నాడు. సెంటు వాసనకి స్తుతి తలెత్తి చూసి, డబ్బా తీసుకుని లోపలికి వెళ్ళింది. కాసేపటికి తిరిగొచ్చింది.

“రెండు గీతలు వచ్చాయి.”

“అదెలాగండీ? నేను మగవాణ్ణి.”

“ఆ కార్డు వేరండీ బాబూ.” స్తుతి గోడకానుకుని కళ్ళజోడు తీసి మరీ నవ్వింది. “ఇక్కడ రెండు గీతలంటే హెచ్. పైలోరీ ఉన్నట్టు. పొట్టలో పుండు చేసే బ్యాక్టీరియా. డాక్టర్ గారు రెండు వారాల కోర్సు ఇస్తారు. మధ్యలో మానకండి. అది అయ్యాక నెల ఆగి, పోయిందో లేదో మళ్ళీ పరీక్ష చెయ్యాలి.”

కోర్సు మొదలైన రోజు సాయంత్రం ఫోన్ మోగింది.

“ల్యాబ్ నుంచి. మాత్రలు వేసుకున్నారా?”

“వేసుకున్నానండి. నోరంతా ఇనుము నాకినట్టుంది.”

“ఉంటుంది. పెరుగన్నం తినండి.”

మర్నాడూ మోగింది. ఆ మర్నాడూ మోగింది. మాత్రల మాట మొదట, పెరుగన్నం మాట తర్వాత, ఆపైన ఏ మాటో ఇద్దరికీ తెలియకుండా గంట గడిచిపోయేది. కోర్సు అయిపోయినా ఫోన్లు మాత్రం ఆగలేదు.

“ఒరేయ్, చుట్టూ ఇన్ని మిరపకాయ బస్తాలు పెట్టుకుని పెరుగన్నం తిని నవ్వుకుంటున్నావ్. నీకు పొట్ట బాగయిందిగానీ బుర్ర పోయిందిరా,” అన్నాడు తోటి ఉద్యోగి ముస్తాక్.

“చెప్పెయ్యనా మరి?”

“నన్నడుగుతావేంట్రా? ఆ అమ్మాయినడుగు.”

అదే రాలేదు ప్రసన్నకి. ఫోన్లో గలగలా మాట్లాడేవాడే, ఆ ఒక్క మాట దగ్గరికొచ్చేసరికి నాలుక మడత పడేది. ఆఖరి పరీక్ష రోజు దగ్గరపడింది. నొప్పి పూర్తిగా పోయింది. ఈసారి తప్పకుండా ఒక్క గీతే వస్తుంది. అప్పుడిక ఆ గుమ్మం ఎక్కడానికి సాకేముంది?

ఆ రోజు పొద్దున పళ్ళు తోముకుని, కాసేపు ఆలోచించి, గ్యాస్ ట్యాబ్లెట్ ఒకటి గుటుక్కున మింగాడు.

సాయంత్రం ల్యాబ్ మూసే వేళకి వెళ్ళాడు. అతను వరండా ఎక్కగానే వేసవి వాన దబదబా మొదలైంది. మిర్చంతా స్టోరేజీలోకి చేరిపోయింది కాబట్టి ఆ వానని తిట్టుకోవాల్సిన పని లేకపోయింది.

“గ్యాస్ ట్యాబ్లెట్ ఆపేశారుగా?” స్తుతి చెయ్యి చాచింది.

“పొద్దున ఒకటి వేసుకున్నానండి.”

“నొప్పొచ్చిందా?” ఆమె మొహంలో కంగారు.

“లేదు.”

“మరి?”

అతను చూరు నీళ్ళ వంక చూస్తూ నిలబడ్డాడు. ఇంతలో లోపల్నుంచి మాస్టారి గొంతు.

“అమ్మా, మార్టూరు వాళ్ళు ఫోన్ చేశారు. ఆదివారం ప్రార్థన అయ్యాక నిన్ను చూడ్డానికి వస్తారట. అబ్బాయికి సొంతంగా గ్రానైట్ రాళ్ళ పాలిష్ యూనిట్ ఉందంట.”

ప్రసన్న రెండు వారాలు సంపాదించాననుకుంటే, మధ్యలో ఆదివారం వచ్చి కూర్చుంది.

“కావాలనే వేసుకున్నాను,” అనేశాడు.

“ఏంటీ?”

“మాత్ర. అది వేసుకుంటే రెండు వారాలాగి రమ్మంటారుగా మీరు. పరీక్ష అయిపోతే మళ్ళీ మిమ్మల్ని చూడ్డానికి ఏ వంకా ఉండదని... ఆదివారం వాళ్ళని రావద్దనండి స్తుతీ. రాళ్ళ పాలిష్ నాకు రాదు. కానీ మిమ్మల్ని బాగా చూసుకుంటాను.”

వాన హోరులో అతనికి తన మాటలే సరిగా వినబడలేదు. ఆమెకి వినబడ్డాయో లేదో.

వినబడ్డాయి. కళ్ళజోడు మీద పడ్డ తుంపరని కోటు అంచుతో తుడుస్తూ అంది, “మాట చెప్పడానికి పొట్టని అడ్డం పెట్టుకున్న మనిషిని మిమ్మల్నే చూశాను.”

“కోపం వచ్చిందా?”

“మా ల్యాబ్‌లో ఎవరికీ ఫోన్ చేసి మందులు గుర్తు చెయ్యం, తెలుసా? ఆ సదుపాయం మీ ఒక్కరికే.” ఆమె చెంపలు ఎర్రబడ్డాయి. “పెళ్ళిచూపుల్లో అబ్బాయి గురించి ఏం తెలుస్తుంది? ఉద్యోగం, ఊరు. మీ గురించి నాకింకా తెలియంది ఏముంది?”

“అంటే...”

“అంటే అదే. పరీక్షకి మాత్రం రెండు వారాలాగి రావాల్సిందే. మొగుడైనా రూల్ రూలే.”

ఆ మాట నోరు జారాక ఆమే నాలిక్కరుచుకుంది. ప్రసన్న వాన్లోకి దూకి గంతులేద్దామనుకున్నాడు.

వెనక ఎవరో దగ్గారు. మధ్య గుమ్మంలో దానయ్య మాస్టారు, చేతిలో గరిటెతో.

“మా ఆవిడ పోయాక ఈ ఇంట్లో సాయంత్రాలు రేడియో తప్ప ఏదీ మాట్లాడేది కాదయ్యా. నెలన్నరగా ఫోన్ మోగితే చాలు, మా అమ్మాయి నవ్వుతోంది, కూర మాడుతోంది. నాకు మాడిన కూరే బాగుంది. ఏం బాబూ, ఆదివారం మీ అమ్మగారు ఖాళీయేనా?”

“ఖాళీయే మాస్టారూ.”

“ప్రార్థన అయ్యాక తీసుకురా. మార్టూరు వాళ్ళకి నేను చెప్పుకుంటాలే.”

“నాన్నా...” అంది స్తుతి.

“నువ్వుండమ్మా. వాన తగ్గేదాకా కూర్చోబెట్టు ఆ అబ్బాయిని. నాకు నిద్రొస్తోంది.”

అప్పటికింకా ఎనిమిది కూడా కాలేదు. మాస్టారు వరండా లైటు అలాగే ఉంచి లోపలికి వెళ్ళి, గడియ చప్పుడు కూడా వినిపించకుండా మెల్లగా తలుపు వేసుకున్నాడు.