తీసేసిన స్పీడ్ బ్రేకర్

టైరు చూసి ఆ బండి నడిపే మనిషి ఎలాంటివాడో చెప్పేస్తాను. పద్దెనిమిదేళ్లుగా ఇదే పని. రెండంచులూ అరిగి నడుమ బాగుంటే గాలి చాలకుండా తిరుగుతున్నాడన్నమాట. లోపలి అంచు ఒక్కటే అరిగితే చక్రాల అలైన్‌మెంట్ పోయింది. పక్కన నిమ్మకాయంత ఉబ్బు కనిపిస్తే దేన్నో గట్టిగా గుద్దాడు, లోపల దారాలు తెగాయి. స్పీడ్ బ్రేకర్ మీద నెమ్మదిగా పోయేవాడి టైరుకి ఏమీ కాదు. నెమ్మదిగా పోవడమే మనవాళ్లకి చేతకాదు.

ఇంత తెలిసీ ఒకసారి అబద్ధం రాసిచ్చాను.

అడిగింది మా బావ. మా అక్క భర్త. వాళ్ల కాలనీ సంఘానికి ఆయనే ప్రెసిడెంటు. కాలనీ నుంచి ఎటు వెళ్లాలన్నా బడి ముందు నుంచే దారి, బడి గేటు ఎదురుగా ఒక స్పీడ్ బ్రేకర్. దాని వల్లే టైర్లు పాడవుతున్నాయని కాలనీలో గోల.

"నువ్వు టైర్లవాడివి. నీ మాటకి విలువుంటుంది. నాలుగు ముక్కలు రాసి స్టాంపు వెయ్యరా," అన్నాడు.

"బావా, మీవాళ్ల బండ్లన్నీ నేనే చూశాను. అలైన్‌మెంట్ చేయించి ఏళ్లయింది. బ్రేకర్ ఏం చేసింది పాపం?"

"నువ్వు బ్రేకర్‌కి లాయరువా? రాయి."

రాశాను. కాలనీ బండ్లన్నీ నా షాపుకే వస్తాయని ఆశ కూడా ఉంది, దాచడం ఎందుకు. కింద బావతో కలిపి సంఘం వాళ్లు ఐదుగురు సంతకాలు పెట్టారు. నెల తిరక్కుండా యంత్రం వచ్చి బ్రేకర్‌ని చెక్కేసింది. రోడ్డు బల్లపరుపుగా తయారైంది.

ఆ మర్నాడే, అందరూ ఈలామె అని పిలిచే ఆవిడ నా షాపుకొచ్చింది. బడిలో ఆయా. పిల్లల్ని రోడ్డు దాటించే పని ఆవిడదే. మెడలో ఎప్పుడూ ఇనప ఈల. ఒక పొడుగు ఈల వేస్తే బండ్లు ఆగాలి. రెండు పొట్టి ఈలలు వేస్తే పిల్లలు దాటాలి. ఆ బ్రేకర్ కోసం ఆఫీసుల చుట్టూ నాలుగేళ్లు తిరిగింది కూడా ఆవిడే. నోరు మంచిది కాదని పేరు. ఆ రోజు మాత్రం అరవలేదు.

"రాసింది నువ్వేనా?"

"అవునమ్మా."

"అబద్ధమని తెలిసే రాశావా, తెలియక రాశావా?"

నేను రిమ్ము తుడవడం మొదలుపెట్టాను.

"తెలిసే రాశావు," అంది. "సరే. నేను మర్చిపోయే రకాన్ని కాదు నాయనా. ఒక్కొక్కళ్లనీ గుర్తుపెట్టుకుంటాను."

మూడు వారాల తర్వాత వానలో ఎవరిదో బండి ఆవిణ్ణి తొక్కుకుంటూ పోయింది. సాయంత్రం ఐదున్నర. పిల్లలందరూ వెళ్లిపోయాక గేటుకి తాళం వేసి రోడ్డు దాటుతోందట. బండి ఆగలేదు. ఆవిడ అక్కడికక్కడే పోయింది. నెంబరు చూసినవాళ్లు లేరు.

ఆ తర్వాత నా షాపుకి టైర్లు రావడం మొదలైంది.

ముందు సంఘం సెక్రటరీ కారు. ముందు టైరు పక్కన ఉబ్బు. తర్వాత పళ్ల డాక్టరు గారిది, అచ్చం అదే చోట. "బడి ముందు రోడ్డు సాఫే కదా, అయినా బండి ఎగిరిపడిందయ్యా," అన్నారాయన. నవ్వి ఊరుకున్నాను. కానీ టైరు విప్పి లోపల చెయ్యి పెట్టి తడిమితే నవ్వు రాలేదు. బయటి నుంచి దెబ్బ తగిలిన ఉబ్బు కాదు అది. లోపలి నుంచి ఎవరో మోచేత్తో పొడిచినట్టుంది. పొద్దుటి నుంచి ఆగి ఉన్న బండి టైరు... లోపల వెచ్చగా ఉంది. జ్వరం వచ్చిన ఒంటిలాగా.

వారం లోపు డాక్టరు గారి కారు, నేను కొత్తగా వేసిన టైరు పేలి పల్టీ కొట్టింది. ఆయన కుడిచెయ్యి తీసేశారు. సంతకం పెట్టిన చెయ్యి. సెక్రటరీ బండి వంతెన గోడకి కొట్టుకుంది. ఆయన బతికాడు గానీ ఇప్పటికీ నోటి మాట లేదు. మిగతా ఇద్దరూ కార్లు అమ్మేసి ఇల్లు కదలడం మానేశారు.

బావ మాత్రం ఒక సాయంత్రం సన్నగా చినుకులు పడుతుంటే షాపుకొచ్చాడు. గడ్డం పెరిగిపోయింది. నాలుగు టైర్లకీ ఉబ్బులే.

"పది రోజుల్లో రెండు సెట్లు మార్చాను. నువ్వు ఒకసారి పక్కన కూర్చో. బడి ముందు బండి ఎగిరిపడటం నీకూ తెలుస్తుందో, నాకే అలా అనిపిస్తోందో చూడాలి," అన్నాడు.

ఎక్కాను. కారులో కాలిన రబ్బరు వాసన. దాని కింద ఇంకేదో... తడి బట్టలు మూటగట్టి మర్చిపోయిన వాసన. వైపర్లు కీచుమంటున్నాయి. బడి దగ్గరికొచ్చేసరికి రోడ్డు మీద ఒక్క మనిషి లేడు. దీపాలింకా వెలగలేదు. గేటు మూసి ఉంది. ముందు తారు రోడ్డు నల్లగా, నున్నగా, అద్దంలా మెరుస్తోంది.

బావ వేగం తగ్గించాడు. నడిచే మనిషి కన్నా నెమ్మదిగా.

దడ్. ముందు చక్రాలు ఎక్కి దిగాయి.

దడ్. వెనక చక్రాలు.

నా తల పైకప్పుకి తగిలింది. వెనక్కి తిరిగి చూశాను. రోడ్డు బల్లపరుపుగా ఉంది.

"ఇక్కడ బ్రేకర్ లేదు బావా," అన్నాను.

బావ కారు ఆపేశాడు.

"ఆ రోజూ ఇంతే రా..." గుసగుసగా అన్నాడు. "వాన. ఏమీ కనపడలేదు. దడ్, దడ్ అంది. బ్రేకరే కదా అనుకున్నాను. ఎనిమిదేళ్లు రోజూ ఎక్కి దిగిన బ్రేకర్... తీసేయించామన్న సంగతే గుర్తు రాలేదు. ఇంటికెళ్లి అన్నం తిన్నాను రా."

ఆవిడ పోయిన మర్నాడు పొద్దున్నే బావ కారు నా దగ్గరికొచ్చింది. బండి ఎడమకి లాగుతోందన్నాడు. నేనే అలైన్‌మెంట్ సరిచేశాను. ముందు చక్రం వెనక చిక్కుకున్న గుడ్డపీలికని పీకి పారేసింది కూడా నేనే. ఏమిటని అడగలేదు.

"అక్కకి తెలుసా?"

తల అడ్డంగా ఊపాడు.

అప్పుడు వినిపించింది. బుస్స్‌మని గాలి పోతున్న చప్పుడు. బండి ముందువైపు కుంగింది.

బావ హ్యాండ్ బ్రేక్ లాగాడు. నా కళ్లతో చూశాను. ఇంజను ఆపి, తాళంచెవి జేబులో వేసుకుని దిగాడు. నేను స్పేర్ టైరు కోసం డిక్కీ దగ్గరికి పోయాను. ఆయన ముందు చక్రం దగ్గర గొంతుక్కూర్చుని సెల్లు లైటు వేసి కిందికి వంగాడు.

"ఏరా... ఇక్కడ ఏదో ఉంది. కదులుతోంది..."

"చెయ్యి పెట్టకు బావా!"

ఒక పొడుగు ఈల.

నా చెవి పక్కనే. తిరిగి చూస్తే ఎవరూ లేరు. వాన ఒక్కటే. నా చేతుల కింద కారు కదిలింది. ముందుకి. చాలా నెమ్మదిగా, ఎవరో జాగ్రత్తగా నడుపుతున్నట్టు. డిక్కీ అంచు పట్టుకుని వెనక్కి లాగాను. కాళ్లు జారుతున్నాయి. "బావా! లే! లే!" అని అరిచాను. ఆయన లేవలేకపోయాడు. షర్టు కాలరు రోడ్డులో కూరుకుపోయినట్టు మెడ నేలకి అతుక్కుపోయి ఉంది. నన్నే చూస్తున్నాడు.

దడ్.

కాసేపాగి...

దడ్.

కారు ఆగిపోయింది. తనంతట తనే.

రెండు పొట్టి ఈలలు. తర్వాత బడి గేటు దగ్గర్నుంచి రోడ్డుకి అడ్డంగా తడినేల మీద చిన్న చిన్న అడుగుల చప్పుడు, చాలా కాళ్లు, పరుగులాంటి నడక.

హ్యాండ్ బ్రేక్ జారిందని పోలీసులకి చెప్పాను. అక్కకీ అదే చెప్పాను. "మంచి మనిషి, ఎవరికీ హాని తలపెట్టలేదు," అని ఏడ్చింది. నేనూ తలూపాను. ఆయాని తొక్కిన బండి ఎవరిదో ఇప్పటికీ తేలలేదు. తేల్చాల్సిన నోరు నాదొక్కటే. అది తెరుచుకోవడం లేదు.

బావ పోయి రెండు నెలలైంది. ఇంట్లో ఈ మధ్య ఒకటి గమనించాను.

మా హాల్లో, సోఫాకీ వంటగది గుమ్మానికీ మధ్య, ఒకచోట అందరూ పాదం ఎత్తి అడుగేస్తున్నారు. మా ఆవిడ బట్టల బకెట్టు మోసుకొస్తూ అక్కడ కాలెత్తి దాటుతుంది. మోకాళ్ల నొప్పులతో ఈడ్చుకుంటూ నడిచే మా అమ్మ, అక్కడికొచ్చేసరికి గోడ పట్టుకుని మరీ కాలెత్తుతుంది. నడక నేర్చి మూడు నెలలైనా కాని మా పాప అక్కడ ఆగి, కిందికి చూసి, చుట్టూ తిరిగిపోతుంది.

"ఎందుకే అలా దాటుతున్నావు?" అని మా ఆవిణ్ణి అడిగాను.

"ఎలా?" అంది. నిజంగానే తనకి తెలియదు.

గచ్చు మీద అరచెయ్యి పెట్టి వెతికాను. చదునుగా ఉంది. చల్లగా ఉంది. నేనొక్కణ్ణే ఏమీ పట్టనట్టు దాని మీద నుంచే నడుస్తున్నాను.

నిన్నటిదాకా అక్కడ నేల గట్టిగానే ఉండేది. ఈ పొద్దున నా పాదం కింద మెత్తగా, వెచ్చగా కుంగింది.