మిడతల గదిలో ఫ్యాన్లు

చీఫ్ టేబుల్ మీద ఒక సీసా పెట్టాడు. లోపల మిడత.

"దీని మెదడు వెనక ఒక చిన్న గ్రంథి ఉంది. ఎగరాల్సి వస్తే అది హార్మోన్ వదులుతుంది. ఒంట్లో దాచుకున్న కొవ్వు రక్తంలోకి వస్తుంది. రెక్కలకి అదే పెట్రోల్. కొండల అవతలి ముఠావాళ్లు ఆ హార్మోన్‌ని ల్యాబ్‌లో తయారుచేశారు. రేపు వదిలే దండు ఎక్కడా వాలకుండా కొండలు దాటి మన పంట మీద పడుతుంది. ఆపు."

"చేసిందెవరు?"

"మీ ఆవిడ. అడ్డొస్తే కాల్చెయ్."

ఏజెంట్ తలూపాడు. ఫ్యాన్ ఆపితే తప్ప నిద్రలేవని ఆ మనిషి, రెండేళ్ల కిందట చెప్పాపెట్టకుండా అవతలివాళ్లలో చేరిపోయింది. ఆమె దువ్వెన ఇంకా అద్దం ముందే ఉంది.

మర్నాడు ఎలక్ట్రీషియన్ వేషంలో, తుపాకీలా పేలే టెస్టర్‌లో ఒకే ఒక్క బుల్లెట్ దాచుకుని, ల్యాబ్‌లోకి దూరాడు. అద్దాల గది నిండా మిడతలు. గోడకి బిగించిన పెద్ద ఫ్యాన్లు హోరెత్తుతుంటే, ఎదురుగాలికి అవన్నీ ఉన్నచోటే ఎగురుతున్నాయి. దండుకి తర్ఫీదు ఇస్తున్నారనుకుని మెయిన్ స్విచ్ లాగేశాడు.

గది మూగబోయింది.

ఆమె పరుగున వచ్చింది. తెల్లకోటు, ఎప్పటి ఎర్ర లిప్‌స్టిక్కే. గురిపెట్టిన టెస్టర్‌ని పట్టించుకోకుండా నేరుగా స్విచ్ దగ్గరికి నడిచింది.

"ఆపారేంటండీ? హార్మోన్ రెట్టింపు ఇచ్చి, పొద్దుట్నుంచి వీటిని ఇక్కడే ఎగరేస్తున్నా. కొవ్వంతా ఇక్కడే ఖర్చయిపోవాలి."

తను మనవైపే పనిచేస్తున్నానని, ఆ సంగతి చీఫ్‌కి కూడా తెలియదని గబగబా చెప్పింది. హోరు ఎందుకు ఆగిందో చూద్దామని వచ్చిన ముఠా నాయకుడు గుమ్మంలో నిలబడి అంతా విన్నాడు. అతని తుపాకీ ముందు పేలింది. ఆమె కూలిపోయింది. ఏజెంట్ పేల్చిన బుల్లెట్ తగిలి, పడిపోతూనే నాయకుడు గుమ్మం పక్కనున్న మీట నొక్కాడు. పైకప్పు తెరుచుకుంది.

దండు లేచింది. ఎండని కమ్మేసింది. ప్రహరీ దాకా వెళ్లి, ముందు ఒకటీ అరా, తర్వాత కుప్పలు కుప్పలుగా వడగళ్లలా రాలిపోయింది.

ఏజెంట్ ఒళ్లో తల ఆనించిన ఆమె అడిగింది: "దాటాయా?"

"లేదు."

"ఫ్యాన్ ఆపి నన్ను లేపే అలవాటు మానలేదన్నమాట మీరు." నవ్వబోయింది. "ఇంకాసేపు పడుకుంటానండీ."

తిరిగొచ్చాక చీఫ్ మెడల్ గురించి మాట్లాడాడు. కాగితాలు ఎగిరిపోతున్నాయని మధ్యలో ఫ్యాన్ స్విచ్ మీద చెయ్యి వేశాడు.

"ఉండనివ్వండి సార్," అన్నాడు ఏజెంట్. "ఒకసారి ఆపాను. చాలు."