బదులు నిలబడే బొమ్మలు

రాగి గనులకు పేరుపడ్డ ఒక దీవిలో చిత్రమైన ఆచారం ఉండేది. అక్కడివాళ్లు చేతిలో పిట్టనో పువ్వునో పట్టుకున్న సున్నపురాతి బొమ్మను చెక్కించి, కొండమీది గుడిలో నిలిపేవారు. మనిషి పొలానికి వెళ్లిపోయినా, అతడికి బదులు ఆ బొమ్మ దేవతకు మొక్కుతూ ఉంటుందని వారి నమ్మకం. కొత్తగా గద్దెనెక్కిన స్తాసనోరు రాజుకు మాత్రం ఆ బొమ్మలు కంటగింపయ్యాయి. తన నిలువెత్తు విగ్రహానికి చోటు చాలదని వాటన్నిటినీ లోయలోకి తోయించాడు. అంతే, ఆ బొమ్మల తాలూకు మనుషులు పాదాల నుంచి రాళ్లయిపోసాగారు!

ఒనాస అనే పిల్ల తల్లి తిమో అప్పటికే నడుము దాకా రాయైపోయింది.

"రాయి గుండెను తాకితే మీ అమ్మ దక్కదు తల్లీ. లోయలో భూతం బొమ్మలన్నిటినీ దాచుకుంది. మీ అమ్మ బొమ్మను తెచ్చి మళ్లీ గుడిలో నిలబెట్టు," అంది ముసలి పూజారిణి. ఒనాస కళ్లు తుడుచుకుని, అంజూరపళ్లు మూటగట్టుకుని బయలుదేరింది.

లోయ అంచున వంకర కొమ్ముల కొండపొట్టేలు అడ్డం నిలిచింది.

"నాతో కుస్తీ పట్టి గెలిస్తేనే దారి!"

"కుస్తీ తర్వాత పడదాంలే మామా! ముందు ఈ పళ్లు తిను. ఆకలి మీద ఎవరికైనా కోపమే వస్తుంది," అంది ఒనాస.

పొట్టేలు మూటంతా ఖాళీ చేసి, సిగ్గుపడి, ఆమెను వీపున ఎక్కించుకుని లోయలోకి దూకింది.

భూతం గుహలో బొమ్మలు బారులు తీరి ఉన్నాయి. తీరా చూస్తే అన్నిటిదీ ఒకే ముఖం, ఒకే చిరునవ్వు! ఎవరడిగినా శిల్పులు అదే ముఖం చెక్కి ఇచ్చేవారు మరి.

"మీ అమ్మ బొమ్మను ఏరుకో. తప్పావో, నువ్వూ రాయివే!" అని పకపకా నవ్వింది భూతం.

ఒనాసకు ఏడుపు తన్నుకొచ్చింది. ఏ బొమ్మను చూసినా అమ్మలాగే ఉంది. ఒకటి తీసుకుపోతే మిగతా పిల్లల అమ్మలేం కావాలి?

"నేను ఏరుకోను. అన్నిటినీ పంపెయ్. వాటికి బదులు నేను నిలబడతాను," అంది.

"సరే. నీకు బదులు నిలబడేవాళ్లు దొరకనంతకాలం నువ్వు నాదానివే!"

ఉలుకూ పలుకూ లేని రాళ్లకన్నా మాట్లాడే పిల్ల నయమనుకుంది భూతం. ఉఫ్ మని ఊది బొమ్మలను గుడికి పంపేసింది. ఒనాస గోడవార నిలబడింది. ఆమె పాదాలు చల్లబడి, మోకాళ్లు బిగుసుకున్నాయి.

గుడిలో బొమ్మలు నిలవగానే ఊళ్లో రాళ్లయినవాళ్లంతా మళ్లీ మనుషులయ్యారు. పొట్టేలు వచ్చి సంగతి చెప్పేసరికి తిమో గుండెలు బాదుకుంటూ లోయలోకి పరుగెత్తింది. ఊరంతా ఆమె వెంటే దిగింది.

"నా బిడ్డను వదులు. దానికి బదులు నేను నిలబడతా!"

"వద్దమ్మా, ఇంటికెళ్లు!"

"నోర్ముయ్! నువ్విక్కడ రాయైపోతే ఇంట్లో నాకేం పని?"

"నీకు బదులు నేనుంటా తిమో వదినా," అంటూ కుమ్మరి ముందుకొచ్చాడు. అతడికి బదులు పూజారిణి వచ్చింది. ఇక చూడండి, ఒకరికి బదులు ఒకరు! చిట్టచివర రాజు తల వంచుకుని వచ్చి, "తప్పు నాది. వీళ్లలో చివరివాడికి బదులు నేను నిలబడతాను," అన్నాడు.

భూతం నాలుక చప్పరించింది. "మరి నీకు బదులెవరు?"

జనం రాజు పక్కనుంచి వెనక్కి జరిగారు.

"నేనున్నాను," అంది ఒనాస.

అలా ప్రతి ఒక్కరికీ బదులు మరొకరు ఉండడంతో భూతానికి పట్టుకోవడానికి ఒక్కరూ మిగల్లేదు. జుట్టు పీక్కుని, గుప్పెడు సున్నంలా రాలిపోయింది.

రాజు తన కిరీటం తీసి ఆ పిల్ల తలమీదే పెట్టాడు. ఊరంతా జేజేలు పలికింది. తిమోకు ఆ సందడేమీ పట్టలేదు. కొత్త రాణిగారి కాళ్లు ఒళ్లో పెట్టుకుని, వెచ్చబడేదాకా రుద్దుతూనే కూర్చుంది.