ఆరు చుట్ల ఎత్తు

మాస్టారి ఆఫీసుకి వచ్చేవాళ్ళలో చాలామంది కుర్చీలో కూర్చోకముందే ఏడుపు మొదలుపెడతారు. ఆ గురువారం ఉదయం వచ్చినావిడ ఏడవలేదు. చేతిసంచీలోంచి ఒక కాగితం తీసి బల్ల మీద పెట్టింది.

"దీనిమీద నేను సోమవారంలోగా సంతకం చెయ్యాలట. చెయ్యాలో వద్దో మీరే చెప్పాలి."

మాస్టారు ఒకప్పుడు నిజంగా మాస్టారే. ఇరవయ్యేళ్ళు పిల్లలకి సైన్సు చెప్పి, వాళ్ళ అబద్ధాలు పట్టుకోవడంలో ఆరితేరి, ఆ విద్య పెద్దవాళ్ళ మీద ఇంకా బాగా పనిచేస్తుందని తెలిసి ఉద్యోగం మానేశారు. ఆయన వెనకే కూర్చుని అన్నీ రాసుకునే మనిషి కోర్టులో స్టెనోగా చేసి వచ్చాడు. అందరూ అతన్ని స్టెనో అనే పిలుస్తారు. మాస్టారు తుమ్మినా అందులో ఏదో అర్థం ఉందని రాసుకునే రకం.

మాస్టారు కాగితం చదివారు. పోయిన ఆదివారం కారు రేసులో ఈవిడ భర్త చనిపోయాడు. మెకానిక్ నిర్లక్ష్యమే కారణమని పోలీసులు తేల్చారు. ఆ మేరకు భార్య ఇవ్వాల్సిన ఫిర్యాదు అది.

"మెకానిక్ ఎవరమ్మా?"

"మా అన్నయ్య. సొంత అన్నయ్య."

స్టెనో పెన్సిలు ఆగిపోయింది.

ఆవిడ తడబడకుండా చెప్పుకొచ్చింది. భర్త వారమంతా బ్యాంకులో గుమాస్తా, సెలవు దొరికితే కారు పిచ్చి. రోజూ ఆఫీసుకి వెళ్ళే ఆ కారునే నేలకి ఆనుకునేలా కిందకి దింపించుకున్నాడు. పావుమైలు తిన్నగా దూసుకెళ్ళే డ్రాగ్ రేసుకని ఈమధ్యే వెనకవైపుకి ప్రత్యేకమైన టైర్లు కొన్నాడు. మామూలు వాటికన్నా ఎత్తు, పక్కలు మెత్తన.

"కిందకి దింపిన బండికి ఎత్తు టైర్లు వేస్తే పైన మడ్‌గార్డు అంచు తగులుతుంది. అందుకని అన్నయ్య వెనక స్ప్రింగుల కింద రింగులు తిప్పి బండిని పైకి లేపాడు. అంచు లోపల మెత్తటి మట్టి ముద్దలు అంటించి మా ఇద్దర్నీ డిక్కీలో కూర్చుని గెంతమన్నాడు. గెంతాం. మట్టిమీద గీతైనా పడలేదు. నా కళ్ళతో చూశాను."

"మరి పోలీసులు ఏమంటారు?"

"రింగులు కిందే ఉన్నాయి, అసలు లేపనే లేదంటారు. నేను చెల్లెల్ని కాబట్టి నా మాట చెల్లదట." ఆవిడ తల దించుకుంది. "లేపాడు, నిజమే. కానీ సరిగ్గా బిగించకపోతే? అవే జారిపోతే? ఆ మాట అన్నయ్యని అడగలేక నాలుగు రోజులుగా మాట్లాడ్డమే మానేశాను."

"బండి ఇంటికి ఎప్పుడొచ్చింది?"

"శనివారం మధ్యాహ్నం. షెడ్డులో పెట్టి, మేమిద్దరం హెల్మెట్ కొనడానికి బజారుకెళ్ళాం."

"ఇంటికి తాళం వేశారా?"

"మావయ్య ఇంట్లోనే ఉన్నారుగా."

"ఆదివారం పొద్దున బండిని చూసి మీవారు ఏమైనా అన్నారా?"

"'మీ అన్నయ్య చెప్పినట్టే స్ప్రింగులు సర్దుకున్నాయి, ఇప్పుడు చూడ్డానికి బాగుంది' అన్నారు. అంతకుముందు తోక లేపిన కోడిలా ఉందని సణిగేవారు." అప్పటిదాకా ఆపుకున్న ఏడుపు ఆ కోడి దగ్గర తెగింది. మాస్టారు మంచినీళ్ళు అందించి, కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు.

ఆ మధ్యాహ్నం పోలీసు షెడ్డుకి వెళ్ళేసరికి కారు ఒక పక్కకి ఒరిగి ఉంది. ఎడమ వెనక టైరు పేలికలైపోయింది. మాస్టారు కబురు పంపితే వచ్చిన మెకానిక్ దానివైపు చూడలేక గోడకి ఆనుకుని నిలబడ్డాడు. అన్నాచెల్లెళ్ళ పోలిక ఆ కళ్ళలోనే ఉందని స్టెనో రాసుకున్నాడు.

మాస్టారు ప్యాంటు నలుగుతుందన్న చింత లేకుండా నేలమీద పడుకుని లోపలికి దూరారు. పేలని కుడి టైరు పక్క పైభాగం చుట్టూ కూడా కత్తితో గీసినట్టు లోతైన గాడి ఉంది. పేలిన టైరు ముక్కల మీదా అదే గాడి.

"బయల్దేరేటప్పుడు ఈ బళ్ళు వెనక్కి కూర్చుంటాయి కదూ?"

"ఔనండీ. ముందు లేస్తుంది, వెనక దిగుతుంది. అప్పుడే అంచు కోసేసి ఉంటుంది. కోసుకున్న టైరు ఆ చివరికి, వేగం మీద..." అతను మాట పూర్తిచెయ్యలేదు.

"రింగులు ఎన్ని చుట్లు తిప్పావు?"

"పైకి ఆరు చుట్లు. రెండువైపులా. కింద లాక్ రింగు బిగించి తెల్ల పెయింటుతో గీత పెడతాను. తర్వాత కదిలితే గీత విరిగి తెలుస్తుంది."

"గీత విరిగే ఉంది. దాని సగం ముక్క పైన మర మీదే మిగిలింది. రెండువైపులా రింగులు సరిగ్గా ఆరు చుట్లు కిందకి దిగి ఉన్నాయి. నువ్వు బిగించావా?"

మెకానిక్ తన అరచేతులు చూసుకున్నాడు. "బిగించాననే అనుకుంటున్నానండీ. చేతికి అలవాటైన పని కదా, గుర్తుండదు. నాలుగు రోజులుగా అదే గుర్తు తెచ్చుకుంటున్నాను. చెల్లి సంతకం పెడితే పెట్టనివ్వండి. నేను కాదని అనను."

"రింగులు దిగినచోట, పైన మర చుట్ల మీద గ్రీజు ఉంది. చిక్కటిది, పసుప్పచ్చది."

"గ్రీజా? నేను రాయనండీ. దుమ్ము పట్టేస్తుంది. పల్చటి నూనె కొడతాను."

మాస్టారు బయటికొచ్చి చేతులు దులుపుకున్నారు. "లాక్ రింగులు రెండూ గట్టిగానే బిగించి ఉన్నాయి స్టెనో. రాసుకో." స్టెనో రాసుకుని, కింద రెండు గీతలు కూడా గీశాడు. అవి ఎందుకో అతనికే తెలీదు.

రేసు మైదానంలో తనిఖీ అధికారి నిమ్మకు నీరెత్తినట్టు టీ తాగుతున్నాడు.

"చూశానండీ. టైరుకీ అంచుకీ మధ్య వేలు పట్టింది. పంపాను."

"లోపల మనిషి ఉన్నాడా?"

"ఖాళీ బండికే చూస్తాం. పొద్దున్నే అరవై బళ్ళు. ఒక్కోదాన్నీ ఎక్కి తొక్కి చూడాలంటే రేసు మర్నాటికి పడుతుంది."

"టైరు రుద్దుకుంటోందని తేలితే?"

"రెండోమాట లేదు, గేటు దగ్గర్నుంచే వెనక్కి. శనివారం ఎవరో ఫోన్ చేసి ఇదే అడిగారు. ఇదే చెప్పాను."

మాస్టారు ఇంకేం అడగలేదు. కేసు తేలినప్పుడు ఆయన ముఖంలో వెలుగు చూడ్డం స్టెనోకి అలవాటు. ఆ రోజు అది లేదు.

శుక్రవారం ఆవిడ ఇంటికి వెళ్ళారు. గేటు గడియ తియ్యబోయి స్టెనో తన తెల్ల చొక్కా చేతికి జిగట మరక అంటించుకున్నాడు. నాలుగు రోజులపాటు మెచ్చుకోవాల్సిన ఇస్త్రీ అది. గొణుక్కుంటూనే లోపలికి నడిచాడు.

చనిపోయినవాడి తండ్రి, బస్సు డిపోలో ఫోర్‌మన్‌గా రిటైరైన పెద్దాయన, వసారాలో స్టూలు మీద కూర్చుని పాత తాళాలు శుభ్రం చేస్తున్నాడు. చెయ్యడానికి పనేదో ఒకటి లేకపోతే ఆ చేతులు ఏమవుతాయో అన్నట్టున్నాడు. గేటు, కిటికీ గడియలు, పైపు చక్రం, ఇంట్లో మర ఉన్న ప్రతి వస్తువూ నున్నగా తిరుగుతోంది.

"అబ్బాయితో మీకు ఎలా ఉండేది?" మాస్టారు అడిగారు.

"మాటల్లేవు. ఏడాదైంది. ఆ పందేలు వద్దన్నాను, వాడు వినలేదు. ఉప్పూ నిప్పూ అయిపోయాం. కావలసింది కోడలిచేత చెప్పించుకునేవాళ్ళం."

"మీ డిపోలో తనిఖీ ఎలా ఉండేదండీ?"

ముసలాయన కళ్ళలో క్షణంపాటు ప్రాణం వచ్చింది. "స్ప్రింగు పని చేసిన బస్సుని ఊరికే వదిలేవాళ్ళం కాదు. సీట్ల మీద ఇసుక బస్తాలు వేసి, వెనక నలుగురిని ఎక్కించి గెంతమనేవాళ్ళం. చక్రం పైన సుద్ద రాస్తే ఎక్కడ తగిలిందో తెలిసిపోతుంది. అప్పుడే గేటు దాటేది. తనిఖీ అంటే ఎక్కడైనా అంతే కదా."

"ఎక్కడైనా అంతే," అని మాస్టారు నెమ్మదిగా అన్నారు. లేచి సెలవు తీసుకున్నారు.

ఆదివారం పదకొండింటికి అందరూ ఆ ఇంటి ముందుగదిలో కూర్చున్నారు. కోడలు, ఆమె అన్నయ్య, పెద్దాయన, తనిఖీ అధికారి. అన్నాచెల్లెళ్ళు చెరో మూల కుర్చీ లాక్కున్నారు. తనిఖీ అధికారి మాటిమాటికీ గడియారం చూసుకుంటున్నాడు. కేసు విప్పేటప్పుడు మాస్టారు నిలబడతారు. ఆ రోజు కూర్చునే మొదలుపెట్టారు.

"ముందు మీ అన్నయ్య సంగతి తేలుద్దామమ్మా. రింగులు వాటంతట అవి జారితే ఒకవైపు రెండు చుట్లు, ఒకవైపు అయిదు జారతాయి. రెండువైపులా సరిగ్గా ఆరేసి జారవు. జారాక లాక్ రింగులు వాటంతట అవే బిగుసుకోవు. తెల్ల గీత ముక్క పైన ఉందంటే అతను లేపాడు, బిగించాడు. తర్వాత ఎవరో కూర్చుని, లెక్కపెట్టి, కిందకి దింపి, మళ్ళీ బిగించారు."

మెకానిక్ రెండు చేతుల్లో ముఖం దాచుకున్నాడు. చెల్లెలు అతనివైపు చూసింది. రేసు రోజు తర్వాత అలా చూడడం అదే మొదలు.

"అంటే ఎవరో కావాలని చంపారా?" అంది.

"నేనూ మొదట అదే అనుకున్నాను. కానీ దింపిన చేతులు, రింగు దిగి బయటపడ్డ మర చుట్లకి తుప్పు పట్టకుండా గ్రీజు రాశాయి. చంపాలనుకున్నవాడు గ్రీజు రాయడమ్మా. ఆ బండి ఇంకా చాలాకాలం నడవాలని కోరుకున్నవాళ్ళే రాస్తారు."

స్టెనో తెలియకుండానే తన చొక్కా చేతిమీద పసుప్పచ్చ మరకని అరచేత్తో కప్పుకున్నాడు.

"శనివారం మీరు బజారుకెళ్ళినప్పుడు బండి షెడ్డులో ఉంది. ఇంట్లో ఒక్కరే ఉన్నారు. ఆ పని తెలిసినవారు, మర కనబడితే గ్రీజు రాయకుండా ఉండలేనివారు. టైరు రుద్దుకుంటే వెనక్కి పంపుతారా అని మైదానానికి ఫోన్ చేసినవారు. మీ డిపోలోలా ఇక్కడా మనుషుల్ని ఎక్కించి గెంతించి చూస్తారనుకున్నారు. గేటు దగ్గరే ఆపేస్తారని మీ నమ్మకం. అంతే కదండీ?"

పెద్దాయన తనిఖీ అధికారి వైపు తిరిగాడు. గొంతులో కోపం కూడా లేదు.

"ఒక్క మనిషిని ఎక్కించి చూడాల్సింది బాబూ. ఒక్కణ్ణి."

తనిఖీ అధికారి గడియారం చూసుకోవడం మానేశాడు.

"నేను చెబితే వాడు వినడు. మైదానంవాళ్ళు చెబితే వింటాడనుకున్నాను," పెద్దాయన తనలో తనే చెప్పుకుంటున్నట్టు అన్నాడు. "వెనక్కొచ్చి మీ అన్నయ్యని నాలుగు తిట్టుకుంటాడు, ఆ ఆదివారం గడిచిపోతుంది అనుకున్నాను. మధ్యాహ్నం దాకా గేటు దగ్గరే కూర్చున్నాను, బండి చప్పుడు వినిపిస్తుందేమోనని."

"మరి అన్నయ్య మీదకి వచ్చినప్పుడైనా చెప్పలేదేం మావయ్యా?"

"చెబితే, కొడుకుని చంపుకున్నానని నా నోటితో నేను వినాలమ్మా. రోజూ పొద్దున్నే చెబుదామని లేచేవాణ్ణి. నీ ముఖం చూసేసరికి నోరు పెగిలేది కాదు. తప్పే. మీ అన్నయ్యకి చేసింది ఇంకా పెద్ద తప్పు."

మెకానిక్ లేచి నిలబడ్డాడు. "మాస్టారూ, ఇది ఈ గదిలోనే ఉండిపోనీయండి. నేనే మర్చిపోయానని రాసిస్తాను. ఈ వయసులో ఆయన్ని జైల్లో..."

"వద్దన్నయ్యా," అంది చెల్లెలు. అన్నయ్యా అన్న ఆ పిలుపుకే అతను మళ్ళీ కూలబడ్డాడు.

"నేను స్టేషనుకి వెళ్ళి చెప్పేది లేదు," అన్నారు మాస్టారు. "నన్ను అడిగింది సంతకం చెయ్యాలా వద్దా అని. వద్దు. మిగతాది మీ ఇంటి మాట." స్టెనో పుస్తకం ఎప్పుడో మూసేశాడు. మాస్టారి తెలివికి పొంగిపోకుండా అతను కూర్చున్న కేసు అదొక్కటే.

"నేనే వెళ్తాను. నేనే చెప్తాను." పెద్దాయన మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేవబోయాడు, లేవలేకపోయాడు. కోడలు దగ్గరికి వెళ్ళింది గానీ చెయ్యి అందించలేదు. ఎదురుగా నేలమీద కూర్చుంది.

"నాకూ భయమే మావయ్యా. ప్రతి రేసుకీ భయమే. ఆయన సరదా పాడుచెయ్యడమెందుకని పైకి నవ్వేదాన్ని. మీరు ఆ గదిలో, నేను ఈ గదిలో, ఇద్దరం అదే కోరుకున్నాం. ఆయన మాటలన్నీ మీకూ, మీ మాటలన్నీ ఆయనకీ మోశాను కదా, ఆ ఒక్కమాట నాకు చెప్పుంటే... కారు తాళంచెవి దాచిపెట్టేవాళ్ళం మావయ్యా. ఆయన రోజంతా ఇల్లు తిరగేసి వెతుక్కుని, సాయంత్రానికి నామీద అలిగి, అన్నం తినకుండా పడుకునేవారు. అంతే అయ్యేది."