హనుమక్క నోరు

పొద్దున ఏడు దాటితే ధర్మవరంలో ఆ వీధంతా మగ్గాల చప్పుడే. ఆ చప్పుడును కూడా మించిపోయేది హనుమక్క గొంతు. పాలవాడి నుంచి కుళాయి దగ్గరి ఆడవాళ్ల దాకా ఆమె నోట పడనివాళ్లు లేరు. అలాంటి మనిషి ఇవాళ రాట్నం ముందు తలెత్తకుండా కండెలకు పట్టుదారం చుడుతోంది. పక్కనే నాలుగేళ్ల మనవరాలు నవీన తెగిన పట్టుపోగులతో ఆడుకుంటోంది. పిల్లకు పుట్టుకతోనే చెవుడు. చెవులకు మిషన్లు పెట్టించి ఏడాదయింది.

గడప దగ్గర కూర్చున్న పుష్పావతి హిందూపురం నుంచి వచ్చింది. వినికిడి లోపమున్న పిల్లలకు ఇళ్లలో మాటలెలా వస్తాయో పరిశోధించే బృందంలో పనిచేస్తుంది. పోయిన వారం నవీన చొక్కా జేబులో చిన్న రికార్డరు పెట్టి, రోజంతా ఉంచమని చెప్పి వెళ్లింది. ఇప్పుడు ఫలితం తెచ్చింది.

"రోజంతా పిల్లతో ఎవరూ మాట్లాడినట్టే లేదు," అంది మెల్లగా.

మగ్గం గుంటలోంచి లేచి వచ్చాడు హనుమక్క కొడుకు నాగరాజు. "మాయమ్మ నోరంతా వీధిలోవాళ్ల మీదనే. ఇంట్లో మాటల్లేకపోతే బిడ్డకు యాడ్నుంచి వస్తాయి మేడం? హాస్టలుండే బడిలో చేరుస్తా. ఆడయితే నేర్పిస్తారు."

"నాలుగేండ్ల బిడ్డను హాస్టల్లో ఏస్తావా?" అంది అతని భార్య రాధ.

"నువ్వేడిస్తే దానికి మాటలొస్తాయా?"

రాధ ఒకసారి అత్త వైపు చూసి తల దించుకుంది. ఆ చూపు హనుమక్కకు సూటిగా తగిలింది. కోడలికి అంతా తెలుసు. అయినా తనను పట్టివ్వలేదు. మనవరాలు లేని ఇల్లు తలచుకోగానే ఆమె రాట్నం ఆపేసింది.

"తప్పు నాదిరా, నాగరాజా! పెండ్లి వీడియో తీసేటప్పుడు గమ్మునుండమంటారు గదా, ఇదీ అంతేననుకుంటి. ఆ పొద్దు నువ్వు పట్టు తెచ్చేదానికి పోయింటివి. రాధను నోరెత్తనీలేదు. నేనూ నోట్లో గుడ్డ కుక్కుకొని కూర్చుంటి. బిడ్డ గొంతు తేటగా పడాలని చేస్తి తల్లీ!"

పుష్పావతికి నవ్వొచ్చింది, ఆపుకుంది. "మళ్లీ ఒక రోజు పెడదాం అవ్వా. ఈసారి రోజూ ఎట్లుంటారో అట్లే ఉండండి."

"ఈసారీ ఇట్లే వస్తే మాత్రం హాస్టలే," అన్నాడు నాగరాజు.

పుష్పావతి మళ్లీ రికార్డరు పెట్టి వెళ్లి, వారం తిరక్కుండానే ల్యాప్‌టాప్‌తో వచ్చింది. మొహం వెలిగిపోతోంది. "మేం చూసిన ఇళ్లన్నిటిలోకీ పిల్లతో ఎక్కువ మాటలు ఈ ఇంట్లోనే. అందులో ముప్పాతిక అవ్వవే. ఇది వినండి."

ల్యాప్‌టాప్‌లోంచి రాట్నం తిరుగుతున్న చప్పుడు. దాని వెనక హనుమక్క గొంతు: "సూడు పాపా, దారం తెగిపాయ. ఇప్పుడేం జేద్దాం?"

కాసేపు ఏమీ వినిపించలేదు. తర్వాత ముద్దముద్దగా ఒక చిన్న గొంతు.

"ముడెయ్, అవ్వా."

నాగరాజు ల్యాప్‌టాప్ మీదికి వంగాడు. "ఇది... నా బిడ్డేనా?"

"రోజూ అనేదే గదరా! నువ్వు మగ్గం ఆపితే గదా వినపడేది," అంది హనుమక్క, ఇందులో వింతేముందన్నట్టు.

"నేర్పిందెవరో తెలుసా నాగరాజు గారూ? మీ అమ్మే. తను మాట్లాడి, పిల్ల బదులిచ్చేదాకా ఆగుతుంది. మేం తల్లులకు చెప్పేదీ అదే," అంది పుష్పావతి. "శనివారం పెనుకొండలో తల్లుల సమావేశముంది. అవ్వ వచ్చి చెప్తే బాగుంటుంది."

నాగరాజు కళ్లు తుడుచుకున్నాడు. "నేనే పిల్చుకొస్తా మేడం. హాస్టలూ లేదు, ఏమీ లేదు. ఈమె కొడుకునని ఆడ అందరికీ చెప్పుకుంటా."

హనుమక్క కొంగు నోట్లో కుక్కుకుని, ఒక చేత్తో మనవరాలినీ ఇంకో చేత్తో కోడలినీ దగ్గరికి లాక్కుంది.