చెమ్మ ఆరిన గోడ

దెబ్బలాడాలనే మెట్లెక్కింది చిత్రకారిణి. తీరా పై వాటా తలుపు తెరుచుకునేసరికి, ఎదుటి మనిషి తనకన్నా నీరసంగా ఉన్నాడు. పొద్దస్తమానం మందుల షాపులో నిలబడి వచ్చాడని మెడలో వేలాడుతున్న కార్డు చెబుతోంది. అయినా జాలిపడే ఓపిక ఆమెకు లేదు.

"బాత్‌రూమ్ లీకేజీ మీరే బాగుచేయించారా?"

"అవునండీ. కింద వాటా మీదేనా? సారీ, ఆలస్యమైపోయింది."

"ఆలస్యం సంగతి కాదు. అసలెవరు చేయించమన్నారు మిమ్మల్ని?"

బాగుచేయిస్తే తప్పేమిటో అతనికి అర్థం కాలేదు. ఇక చెప్పక తప్పలేదు ఆమెకు. తను బొమ్మలు వేస్తుంది. వాటిలో మనుషులుండరు, చెట్లుండవు, రంగులే. తన గది గోడ మీద చెమ్మ ఎటు పాకిందో రోజూ లేవగానే చూసి, కాన్వాస్ మీద అటే రంగు పాకించేది. గోడకి సున్నం పెచ్చులూడితే, కాన్వాస్ మీద అదే చోట రంగును కత్తితో గీకేది. ఎగ్జిబిషన్‌కి ఇవ్వాల్సిన ఆఖరి బొమ్మ సగంలో ఉండగా గోడ ఆరిపోయింది. అప్పటినుంచీ బ్రష్ పట్టుకుంటే చెయ్యి లేవడం లేదు. ఇన్నాళ్లూ బొమ్మలు వేసింది తనా, ఆ గోడా అని ఆమె భయం.

"అంటే మా బాత్‌రూమ్ నీళ్లతో..."

"అలా అనకండి. వినడానికి బాలేదు."

మర్నాడు సాయంత్రం పైనుంచి నీళ్లు గుమ్మరిస్తున్న చప్పుడు. కాసేపు ఆగి, మళ్లీ అదే. ఆమె పైకి వెళ్లి చూస్తే, అతను ప్యాంటు మోకాళ్ల దాకా మడుచుకుని బాత్‌రూమ్ గడప మీద కూర్చున్నాడు. పక్కన బకెట్, ముందు చిన్నపాటి చెరువు.

"ఏం చేస్తున్నారు?"

"మీ గోడ తడుపుదామని. చుక్క దిగట్లేదండీ. ఆ ప్లంబర్ జన్మకో పని సరిగ్గా చేసినట్టున్నాడు."

అతని దిగులు చూసి ఆమెకు నవ్వొచ్చింది. నవ్వి ఎన్నాళ్లయిందో, దవడలు నొప్పెట్టాయి. అతని పక్కనే గడప మీద కూలబడింది. లేచి వెళ్లాలని ఆమెకు అనిపించలేదు.

ఆ వారాంతంలో అతన్ని కిందికి పిలిచింది. కాన్వాస్ నిండా బూడిదరంగు, అడుగున ఒక్క పసుపు మచ్చ మెల్లగా పైకి ఇంకుతోంది.

"నాకు వీటి గురించి ఏమీ తెలీదండీ. ఇది గోడా?"

"కాదు."

"బాత్‌రూమా?" భయంగా అడిగాడు.

"అలిసిపోయి గడప మీద కూర్చున్న మనిషి."

అతను బొమ్మకి దగ్గరగా వచ్చాడు. "ఒక్కడేనా? పక్కన ఇంకొకరు ఉండాలి కదా."

"ఆ చోటు వదిలిపెట్టాను," అంది ఆమె, తల తిప్పకుండా. "మీరంటే నాకిష్టం. మిమ్మల్ని అడిగాకే నన్ను అక్కడ వేసుకుందామని."

"అసలెవరు వెయ్యొద్దన్నారు మిమ్మల్ని?"

ఆమె బ్రష్ అందుకుంది. చెయ్యి ఇంకా బరువుగానే ఉంది, కానీ లేచింది.