పాపాయమ్మ మొక్కుకున్న పెట్ట

ఇలా దగ్గరికి జరగండమ్మా. ఆ ఫోన్లు కాసేపు పక్కన పెట్టి, నా మోకాలి దగ్గరికొచ్చి కూర్చోండి. ఇది గట్టిగా అరిచి చెప్పే కథ కాదు, పక్కనుంటేనే వినపడుతుంది.

ఆత్రేయపురం దాటి కాలవ గట్టున కొంచెం ముందుకెళితే ఒక చిన్న ఊరుంది. ఆ ఊళ్లో లూథరన్ చర్చి ఉంది. దాన్ని అక్కడ అందరూ గుడి అనే అంటారు. ఆ గుడి వెనక వీధిలో పాపాయమ్మ ఇల్లు. కొడుకు శాంతికుమార్ హైస్కూల్లో గుమస్తా. కోడలు ఆశాజ్యోతి. ముగ్గురే మనుషులు, పెరట్లో ఓ పది కోళ్లు.

సార్వా వరి కోతలు మొదలైన రోజులవి. ఆ పొద్దున్న పాపాయమ్మ ఎప్పట్లాగే గూటి తలుపు తీసి చేటలో నూకలు చల్లింది. కోళ్లన్నీ ఒకదాన్నొకటి తోసుకుంటూ బయటికొచ్చాయి గానీ ఎర్ర పెట్ట మాత్రం రాలేదు. పాపాయమ్మ వంగి, చెయ్యి లోపలికి పెట్టి దాన్ని బయటికి లాగింది. వదిలితే, వదిలిన చోటే నిలబడింది. నూకలు కాళ్ల దగ్గరే ఉన్నా ముట్టలేదు.

"అమ్మాయ్, ఆశా! ఓసారిలా రా. దీని మొహానికేమైందో చూడు, నా కళ్లకి సరిగ్గా ఆనటం లేదు."

ఆశ పొయ్యి మీద పాలు దించి వచ్చింది. పిలిచారు కాబట్టి వచ్చింది. ఎండాకాలం నుంచీ ఆమె తీరు అదే. పిలిస్తే వస్తుంది, చెప్తే చేస్తుంది, వడ్డిస్తే నాలుగు మెతుకులు తింటుంది. ఏదీ కాదనదు, ఏదీ కావాలనదు.

ఆ ఎండాకాలంలో, నెలలు నిండాక ఆశ కడుపులో బిడ్డ కదలడం మానేసింది. రాజమండ్రి ఆసుపత్రికి తీసుకెళ్లారు. ఆడపిల్ల. ఏడవకుండానే పుట్టింది. ఆశకి తెలివొచ్చేసరికి శాంతికుమార్, వాళ్ల బాబాయి కలిసి ఆ పసిదాన్ని సమాధుల తోటలో పెట్టి వచ్చేశారు. ఇంటికొచ్చాక ఆమెకి పాలు పడ్డాయి. పాపాయమ్మ బుట్టెడు మల్లెపూలు తెప్పించి, పాలు ఇంకిపోయేలా గుడ్డలో పరిచి గుండెలకి కట్టింది. ఇల్లంతా మల్లెల వాసనే. ఆశ గోడ వంక చూస్తూ కట్టించుకుంది. అప్పుడూ ఏడవలేదు, ఆ తర్వాతా ఏడవలేదు.

"కళ్ల చుట్టూ పొక్కులండీ అత్తయ్యా. రెప్పలు అతుక్కుపోయాయి," అంది ఆశ ఇప్పుడు.

దడి అవతల నుంచి పక్కింటి మాణిక్యాంబ తల పైకెత్తింది. "అమ్మవారు పోసినట్టుంది వదినా. మిగతావాటికి అంటకముందే దూరంగా తీసేయండి. ఈకలు తప్ప ఏం మిగలదింక దానికి."

"తీసేయడమేంటి మాణిక్యం! ఇది దేవుడి కోడి."

ఆ మాటతో మాణిక్యాంబ ఆశ వైపు ఓసారి చూసి తల దించేసుకుంది. ఎందుకంటే ఆ సంగతి ఊరందరికీ తెలుసు. ఆశకి నెల తప్పిందని తెలియగానే పాపాయమ్మ తన కోడిపిల్లల్లోంచి ఒక ఎర్రదాన్ని ఏరి, బిడ్డ చల్లగా భూమ్మీద పడితే దీన్ని కోతల పండుగకి ఇస్తానని మొక్కుకుంది. ఆ పండుగనాడు ఎవరికి తగ్గది వాళ్లు తెస్తారు. వడ్లు, గుమ్మడికాయలు, కొబ్బరి గెలలు, కోళ్లు. ఎందుకిస్తున్నారో గుడి పాస్టరు అయ్యగారితో చెప్పి ప్రార్థన చేయించుకుంటారు. ఆరాధన అయ్యాక అవన్నీ గుడి ముందు వేలం వేస్తారు.

శాంతికుమార్ బడి నుంచి వస్తూ పశువుల ఆసుపత్రిలో అడిగొచ్చాడు. "మందంటూ లేదటమ్మా. కళ్లు కడుగుతూ, లోపలికి మేత వెళ్లేలా చూసుకుంటే అదే కోలుకుంటుందట. తిండి లేకే చస్తాయట."

పాపాయమ్మకి చేతులు వణుకుతాయి. ఒకటికి రెండుసార్లు కోడి ముక్కు తెరిచి జావ పోయబోయి ఒలకబోసుకుంది. "నావల్ల కాదమ్మాయ్. నువ్వు పట్టు."

ఆశ పట్టింది.

అరుగు మీద ఓ మూల గంపలో గడ్డి పరిచి, దాన్ని మిగతావాటికి దూరంగా పెట్టింది. పొద్దున్నే గోరువెచ్చని ఉప్పు నీళ్లలో పాత గుడ్డ ముంచి కళ్ల మీద ఉంచేది. పొక్కులు నానాక మెల్లిగా తుడిచి, వేపనూనెలో పసుపు కలిపి రాసేది. తర్వాత ఒళ్లో పెట్టుకుని, బొటనవేలితో ముక్కు తెరిచి, రాగి జావ చెంచాతో పోసేది. మొదటిసారి ఎక్కువ పోసేసింది. అది ఉక్కిరిబిక్కిరై మెడ వాల్చేసింది. పోయిందనుకుంది ఆశ. అప్పుడు కూడా ఆమెకేమీ అనిపించలేదు. చెయ్యి మాత్రం దానంతటదే కోడిని బోర్లా తిప్పి వీపు నిమిరింది. జావంతా కక్కేసి అది మళ్లీ ఊపిరి తీసుకుంది. ఆ తర్వాత నుంచి ఒక్కో చుక్కే పోసి, గొంతు కదిలేదాకా ఆగేది.

జాలిపడి చేసిందనుకోకండి. జాలి పడేందుకు కూడా లోపల ఏమీ మిగల్లేదామెకి. అన్నం వార్చినట్టు, బట్టలు ఆరేసినట్టు అదీ ఒక పని. కాకపోతే ఆ కోడి ఒళ్లో ఉన్నంతసేపూ బరువుగా, వెచ్చగా ఉండేది. పని అయిపోయాక కూడా ఆశ వెంటనే లేచేది కాదు.

ఓ రోజు పొద్దున్న శాంతికుమార్ క్యారేజీ పట్టుకుని గుమ్మం దిగుతున్నాడు.

"ఏవండీ, తింటోంది!"

అతను వెనక్కి తిరిగాడు. పెట్టకి ఒక కన్ను సన్నగా తెరుచుకుంది. ఆశ అరచేతిలో నూకలు పోసి పట్టుకుంటే, గురి తప్పుతూ, మధ్యలో ఆమె వేలినీ పొడుస్తూ ఏరుకుంటోంది.

"దానికి మళ్లీ కనపడుతోందండీ," అంది.

పిలవకుండా ఆమె తనంతట తను అతనితో మాట్లాడి నెలలైంది. "అమ్మా, ఈ పూట లేటుగా వెళ్తానే," అని క్యారేజీ అక్కడే పెట్టి మెట్టు మీద కూలబడ్డాడు.

"లేటుగా వెళ్తే హెడ్మాస్టరు గారు ముద్దెట్టుకుంటారా?" అంది పాపాయమ్మ లోపల్నుంచి.

పండుగ ముందు రోజు శనివారం. అప్పటికి పెట్ట పూర్తిగా కోలుకుంది. పెరడంతా తనదే అన్నట్టు తిరుగుతోంది. ఆశ బట్టలుతికి వచ్చేసరికి పాపాయమ్మ దాని కాళ్లు కడిగి, చీర పేలికతో కడుతోంది.

"ఎందుకత్తయ్యా కడుతున్నారు?"

"రేపు పండుగ కదమ్మా. పొద్దున్నే దీని వెంట పరిగెత్తలేనని."

"దీన్నిచ్చేస్తారా?"

"మొక్కు కదే తల్లీ."

"ఏ మొక్కు?"

శాంతికుమార్ లోపల్నుంచి వచ్చాడు. "ఆశా, నువ్వు లోపలికి పద. తర్వాత మాట్లాడదాం."

"మీరుండండి." ఆమె గొంతు పెంచలేదు. సరుకులు చెప్తున్నట్టే మాట్లాడింది. "బిడ్డ చల్లగా భూమ్మీద పడితే ఇస్తానన్నారు కదత్తయ్యా మీరు. పడిందా? రేపు అయ్యగారు ఎందుకిస్తున్నావమ్మా అనడిగితే ఊరందరి ముందూ ఏమని చెప్తారు? ఒకదాన్ని నెలలు నిండేదాకా మోశాను, ఖాళీ చేతులతో ఇంటికొచ్చాను. ఇప్పుడు దీన్ని కూడా బాగుచేసి మీ చేతిలో పెట్టాలా? పట్టుకెళ్లిపోడానికైతే నాతో ఎందుకు చేయించారిదంతా?"

పాపాయమ్మ చేతిలో పేలిక జారిపోయింది. పెట్ట ఒక కాలికి గుడ్డ వేలాడుతుండగానే దూరంగా పోయింది. ఆవిడ నూతి గట్టు మీద కూర్చుంది.

"ఆ మొక్కు ఆ పసిదానితోనే సమాధుల తోటకెళ్లిపోయిందమ్మా. నేను తీర్చేది అది కాదు."

"మరేంటి?"

"ఆ రోజు రాజమండ్రిలో డాక్టర్లు బిడ్డ పోయిందని చెప్పి వెళ్లారు. కాసేపటికి మళ్లీ తలుపు తెరిచి, తల్లికి రక్తం ఆగట్లేదు, మీ వాళ్లెవరైనా ఉంటే పిలిపించుకోండి అన్నారు. వీడు రక్తం కోసం పరిగెత్తాడు. మెట్ల దగ్గర బల్ల మీద నేనొక్కదాన్నే. నా దగ్గరేముందని ఇవ్వడానికి? ప్రభువా, పిల్లని తీసుకున్నావు, నేనేమీ అడగను, దీన్ని మాత్రం నాకు తిప్పి పంపు, ఆ పెట్టని తెచ్చి నీ కాళ్ల దగ్గర పెడతాను అన్నాను." ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "పంపాడు."

"నాకెందుకు చెప్పలేదు?" అంది ఆశ.

"ఎలా చెప్పనే? కడుపు కోసుకుని పడుకున్నదాని దగ్గరికొచ్చి, నువ్వు బతికావు, నాకంతే చాలు అని ఏ నోటితో చెప్పను? మనవరాలు పోయిందని గుండెలు బాదుకుంటూనే, లోపల ఒక పక్కన, అమ్మయ్యా, కోడలుంది అనుకున్నాను. అది విని నువ్వు నన్ను అసహ్యించుకుంటావని భయమేసింది."

ఆశ నిలబడే ఉంది. ఎండాకాలం నుంచి ఇంటికి ఎంతమందో వచ్చారు. వయసుంది కదా, మళ్లీ పుడతారన్నారు. దైవ చిత్తమన్నారు. అంత గట్టి పిండం ఎలా పోయిందమ్మా అని ఆరా తీసినవాళ్లూ ఉన్నారు. నువ్వు మిగిలావు, అదే పదివేలు అని ఒక్కరూ అనలేదు. తనకీ ఆ ఊహ రాలేదు. ఆ ఆసుపత్రిలో తనూ పోయిందనే ఇన్నాళ్లూ అనుకుంటోంది.

మెల్లిగా వెళ్లి అత్తగారి పక్కన కూర్చుంది.

"అది ఎలా ఉందత్తయ్యా? నేను చూడలేదు."

ఇన్ని నెలల్లో ఆ మాట అడగడం అదే మొదలు.

పాపాయమ్మ ఆమె చెయ్యి తన ఒళ్లోకి లాక్కుంది. "ఒత్తుగా జుట్టుందమ్మా. నుదురు నీదే. చెవులు మాత్రం వీడివే, ఇలా బయటికి. నా పాత నేత చీర మెత్తగా ఉంటుందని అందులోనే చుట్టాను. నిద్రపోతున్నట్టే ఉంది."

ఆశ నోట్లోంచి ఒక శబ్దం వచ్చింది. ఆ తర్వాత ఆపడం ఎవరి తరమూ కాలేదు. అత్తగారి ఒళ్లో తలపెట్టి, నూతి గట్టు తడిసేలా ఏడ్చింది. మాణిక్యాంబ గాభరాగా దడి దగ్గరకొచ్చి, సంగతి చూసి, తనూ కళ్లొత్తుకుంటూ వెనక్కి వెళ్లింది. శాంతికుమార్ మట్టిలోనే చతికిలబడి భార్య పాదాలు పట్టుకున్నాడు. అతనూ అప్పటిదాకా ఏడవలేదు పాపం.

అంతా సద్దుమణిగాక పాపాయమ్మ అంది, "పెట్టని ఉంచేసుకోమ్మా. నేను నాలుగు కొబ్బరికాయలు పట్టుకెళ్లి ఆ ప్రభువుకి సర్దిచెప్పుకుంటాను."

ఆశ లేచి వెళ్లి, పెట్ట కాలికి వేలాడుతున్న గుడ్డ విప్పింది.

మర్నాడు పాపాయమ్మ కొబ్బరికాయలు సంచిలో వేసుకుని గుమ్మంలోకి వచ్చేసరికి, ఆశ తెల్ల చీర కట్టుకుని పెట్టని చంకలో పెట్టుకుని నిలబడి ఉంది. "పదండత్తయ్యా, మొదటి గంట కొట్టేశారు," అంది.

గుడి నిండా కొత్త వడ్ల వాసన. ఆశ లోపల అడుగుపెట్టగానే తలలన్నీ తిరిగాయి. ఎండాకాలం తర్వాత ఆమె రావడం అదే. వరసలో నడిచి బలిపీఠం ముందుకొచ్చింది. వెనకే పాపాయమ్మ. అయ్యగారు ఇద్దరినీ చూశారు. ఆయనే ఆ బిడ్డకి సమాధి దగ్గర ప్రార్థన చేశారు. ఎలా అడగాలో తెలియక కాస్త తడబడ్డారు.

"దేని నిమిత్తం ఇస్తున్నారమ్మా?"

కోడలిని ఇబ్బంది పెట్టడం ఇష్టం లేక, పాపాయమ్మ తనే చెప్పబోయింది. ఆశ అత్తగారి చెయ్యి పట్టుకుని ఆపింది.

"నేను బతికినందుకండీ," అంది.

అయ్యగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఆ తర్వాతే ప్రార్థన మొదలుపెట్టారు.

ఆరాధన అయ్యాక సంఘ పెద్ద చిట్టియ్య వేలానికి పెట్టని పైకెత్తాడు. అతను ఇంకా ధర చెప్పకముందే పాపాయమ్మ పాట పాడేసింది. జనంలో ఎవరూ నోరు మెదపలేదు. ఆ నిశ్శబ్దానికి కంగారుపడి ఆవిడ మళ్లీ పెంచి పాడింది.

"ఆయ్, పాపాయమ్మగారూ, మీ పాట మీద మీరే పాడుతున్నారండీ!"

"నీకెందుకయ్యా? డబ్బు గుడికేగా వచ్చేది!"

జనం గొల్లుమన్నారు. ఆ నవ్వుల్లో ఆశ కూడా నవ్వింది. కొంచెం, పెదవుల చివర. పెట్ట మళ్లీ ఆమె చంకలోకే చేరింది.

అదమ్మా సంగతి. మీరెరిగిన ఇంట్లో ఎక్కడైనా పురిటి నుంచి ఖాళీ చేతులతో వచ్చిన పిల్ల ఉంటే, మళ్లీ పుడతారులే అని నోరు పారేసుకోకండి. నువ్వు మాకు మిగిలావమ్మా అనండి ముందు. ఆ మాట ఎందుకనాలని ఎవరైనా అడిగితే, వాళ్లనిలాగే పక్కన కూర్చోబెట్టుకుని ఈ పెట్ట కథ చెప్పండి. మర్చిపోకండేం.